ఔ అన్నదెవరు

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వచ్చే దారిలో, మా వీధి మొదట్లో ఒక పాత లాడ్జి ఉండేది. కొత్త కట్టడం కోసం ఈమధ్య దాన్ని కూలగొడుతున్నారు. సగం కూలింది. పై అంతస్తుల స్లాబులు ఒకదాని మీద ఒకటి వాలి, వాటి మధ్య మనిషి దూరేంత సందులు మిగిలాయి. మిగతాది కూలగొట్టేలోగా, విపత్తుల్లో మనుషుల్ని వెతికే బృందం వాళ్ళు ఆ శిథిలాలను కొన్నాళ్ళపాటు వాడుకుంటామని అడిగి తీసుకున్నారు. కుక్కలకు పరీక్ష పెట్టాలట. ఇల్లు కూలితే కింద ఎవరు చిక్కుకున్నారో కుక్క వాసన పట్టి మొరగాలి. అందుకని ఎవరినో ఒకరిని సందులో దాచి, కుక్కను వదిలి చూస్తారు.

మా అపార్ట్‌మెంటు సంఘానికి నేను కార్యదర్శిని. దాక్కోవడానికి ఇద్దరు ముగ్గురు, పక్కన నిలబడి చూడటానికి బయటి మనిషి ఒకరు కావాలని వాళ్ళ అధికారి మా ఇంటికి వచ్చి అడిగారు. చూడటానికి నేను ఒప్పుకున్నాను. ఆయన మాట పూర్తి కాకముందే నాకు అనుమానం మొదలైంది. దాచేదీ వాళ్ళే, వెతికేదీ వాళ్ళే, మార్కులు వేసేదీ వాళ్ళే.

తూనికలూ కొలతలూ తనిఖీ చేసే ఉద్యోగంలో రిటైరైనవాణ్ణి. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి, బెల్లం, పప్పుల దుకాణాల ముందు నిలబడే నా వయసంతా గడిచింది. అక్కడ నేర్చుకున్నది ఒకటే. తక్కెడను చూడకూడదు, తూచేవాడి చెయ్యి చూడాలి. ముల్లు నిటారుగానే ఉంటుంది. చిటికెన వేలు మాత్రం పళ్ళెం గొలుసు మీద ఆని ఉంటుంది. అలాంటి వేలు పట్టుకున్న రోజున డైరీలో ఎర్ర సిరాతో రాసుకునేవాణ్ణి. డైరీ ఇప్పటికీ రాస్తాను. పేజీని మూడు గడులుగా గీసుకుంటాను: చూసినది, విన్నది, అనుకున్నది. మొదటి రెండిటిలో ఆధారం లేనిది మూడోదానిలోకి రాకూడదని నా నియమం. మూడో గడే ముందు నిండుతుందని మా ఆవిడ ఎగతాళి.

ఆమెది వరంగల్ దగ్గర ఊరు. మా నాన్నేమో, రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు ఆఫీసుతోపాటు వచ్చిన గుంటూరు మనిషి. ఇంట్లో నేను అవును అంటాను, ఆమె ఔ అంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎవరి మాట వారిదే.

పరీక్ష చూడటానికి చెప్పులు వేసుకుంటుంటే అడిగింది.

"మీరు కుక్కను జూడనీకి పోతున్నరా, దాన్ని పట్టుకునేటోన్ని జూడనీకి పోతున్నరా?"

"పరీక్ష చూడటానికి."

"ఔ, ఔ. జోకెటోని చెయ్యి జూడనీకే."

జోకడమంటే వాళ్ళ వైపు తూచడం.

కుక్క లేత గోధుమరంగు ఆడ లాబ్రడార్. దాని వెంట ఉండే జవాను పాలమూరు మనిషి, చామనఛాయ, నవ్వితే ఒక పన్ను మీద పన్ను కనిపిస్తుంది. దాన్ని ఎప్పుడూ 'బిడ్డా' అనే పిలిచాడు. మొదలుపెట్టే ముందు అధికారి నాకు సంగతి చెప్పారు. ఆయనది గోదావరి జిల్లా యాస.

"కిందటి పరీక్షలో ఇది తప్పిందండీ మాస్టారూ. ఈసారి కూడా తప్పితే వెతికే పనిలోంచి తీసేస్తాం. ఏదో గోదాం కాపలాకి వెళ్ళిపోద్ది. వాడికి వేరే కుక్కనిస్తాం. వాడు అదే బెంగతో అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. అంత అవసరం ఉన్న మనిషి ఏమైనా చేస్తాడు అనుకున్నాను.

అందుకే ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. జవాను జేబుల్లో బిస్కెట్లు ఉన్నాయేమోనని అడిగి తీయించాను. దాక్కోవడానికి వచ్చిన మా పక్క ఫ్లాటాయన అత్తరు పూసుకుని వచ్చాడు. ఆ వాసనకు కుక్క ఎందుకు, నేనే పట్టుకోగలను. కుళాయి దగ్గర మెడ కడిగించి పంపాను. ఆయన రోజంతా నాతో మాట్లాడలేదు. ఎవరు ఏ సందులో ఉన్నారో జవానుకు తెలియకూడదు. కానీ ఎదురుగా టీకొట్టు దగ్గర జనం చేరి ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా కన్ను గీటొచ్చు. అందరినీ అటు తిరగమని చెప్పించాను.

"గీ సార్ ఉంటే దొంగకు గూడ పని దొరకది," అన్నాడు టీకొట్టువాడు, అటు తిరిగే.

కుక్కను వదిలారు. స్లాబుల మీద పిల్లిలా నడిచింది. జవాను దూరంగా వెనక నడిచాడు. నేను అతని పక్కన కాదు, కొంచెం ముందు నిలబడ్డాను, ముఖం కనిపించేలా. కుక్క ఒక సందు దగ్గర ఆగింది. జవాను పెదవులు కదిలాయి.

"ఔ."

మెల్లగా అన్నాడు, గొంతులోనే. వెంటనే కుక్క మొరిగింది. సందులోంచి మా పక్క ఫ్లాటాయన బయటికి వచ్చాడు.

రెండో మనిషి దగ్గరా అంతే. కుక్క ఆగింది, అతను ఔ అన్నాడు, అది మొరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా గుండె మాత్రం ఒకప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో కొట్టుకున్నట్టు, చాలా ఏళ్ళ తరవాత మళ్ళీ కొట్టుకుంది. గొలుసు మీద వేలు దొరికింది.

అధికారిని పక్కకు పిలిచి చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. జవానును పిలిచారు. నేను ఎదుటనే అడగమన్నాను, చాటున మాట్లాడటం నాకు అలవాటు లేదు.

"కుక్క మొరిగే ముందు నువ్వు ఔ అంటున్నావట. ఎందుకు?"

జవాను నన్ను ఒకసారి, కుక్కను ఒకసారి చూశాడు. "నేను చెప్పుతలేను సార్. అది అడుగుతది. నేను ఔ అంట, గంతే."

"కుక్క అడుగుతుందా?" అన్నాను నేను.

"ఔ సార్. మీకు కనవడలేదా? మీరు గాడనే ఉన్నరు గద."

నేను చూసింది అతని నోరు. ఆ మాట చెప్పలేదు. నేను పట్టుకున్న ప్రతి దుకాణదారుడూ, వేలు అలవాటుగా పడిందనే అన్నాడు.

నియమం ప్రకారం కుక్క తనంతట తానే మొరగాలని అధికారి అన్నారు. మర్నాడు పొద్దున మళ్ళీ పరీక్ష. ఈసారి దాక్కునేది నేనే. ఏ సందులోనో నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. మరి జవాను నోరు తెరవకుండా ఎట్లా? దానికి ఉపాయం నేనే చెప్పాను. మా చిన్నప్పుడు బళ్ళో గోల ఎక్కువైతే పంతులుగారు అందరి నోళ్ళలో నీళ్ళు పోయించి కూర్చోబెట్టేవారు. మింగకూడదు, ఉమ్మకూడదు. పుక్కిట నీళ్ళున్నవాడు ఔ అనలేడు.

జవాను విని నవ్వాడు, కానీ పన్ను మీద పన్ను కనిపించలేదు. "గిదేం పరీక్ష సార్. కుక్కకా, నాకా?" అని, వంగి దాని చెవుల వెనక గోకుతూ, "సార్‌కు నీ మీద ఫికర్ లేదు బిడ్డా. నా మీదనే అనుమానం," అన్నాడు.

పొద్దున్నే అధికారి ఒక్కరే నన్ను తీసుకెళ్ళి ఒక సందులోకి దింపారు. ఒకప్పుడు లాడ్జి మెట్ల కింద ఉండే చోటు అనుకుంటాను. తడిసిన సున్నం వాసన, బొద్దింక మందు వాసన. తల పైకెత్తితే స్లాబు తగిలింది. మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఒక పక్క అరచేయి వెడల్పు చీలిక ఉంది, దానిలోంచి కొంచెం వెలుగు. ఊపిరి తప్ప చప్పుడు చేయవద్దని, కుక్క మొరిగినా పిలిచేదాకా పలకవద్దని అధికారి గట్టిగా చెప్పి వెళ్ళారు. స్టేషన్‌లో రైలు ఏదో ఆలస్యమని మూడు భాషల్లో చెప్తున్నారు.

నిజంగా కూలిన ఇంట్లో ఉన్నవాడికి ఇట్లాగే ఉంటుందా అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి, చీలిక మీద దృష్టి పెట్టాను. కుక్కను పట్టుకోవడానికి కూర్చున్నాను నేను. పట్టుబడటానికి కాదు.

రాళ్ళ మీద గోళ్ళ చప్పుడు వినిపించింది. దగ్గరికి వచ్చింది, దూరం వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చీలికకు అడ్డంగా నల్లటి తడి ముక్కు కనిపించింది. దాని ఊపిరి వేడిగా నా చేతి మీద పడింది. నన్ను కనిపెట్టేసింది. అందులో సందేహం లేదు. తోక ఎక్కడో రేకుకు తగిలి టపటపమంటోంది.

మొరగలేదు.

ముక్కు వెనక్కి తీసి, మెడ తిప్పి, జవాను నిలబడ్డ వైపు చూసింది. అప్పుడు చూశాను దాని ముఖం. మా ఆవిడ వంటింట్లోంచి తల బయటికి పెట్టి, పొయ్యి ఆపెయ్యనా అని కళ్ళతోనే అడుగుతుంది చూడండి, అట్లా చూసింది. చూసి ఆగింది. అటు నుంచి జవాబు లేదు. ఉండదు. అతని పుక్కిట నీళ్ళున్నాయి.

అది అడుగుతది, నేను ఔ అంట. నిన్న రెండుసార్లూ ఇదే జరిగి ఉంటుంది. నేను ఔ దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టాను. దానికంటే ముందు జరిగింది కుక్క ముఖంలో. నేను అటు చూడనే లేదు. వేలు ఉంది నిజమే. కానీ తూకం అంతకుముందే అయిపోయింది.

అది మళ్ళీ ముక్కు పెట్టింది. మళ్ళీ తిరిగి చూసింది. ఇంకొంచెం సేపు ఇట్లాగే ఉంటే, వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే గోదాం. వాడికి వేరే కుక్క. ఒక్క మాట అంటే చాలు. ఔ. దాన్ని అనడానికి పెదవులు ఎంత గుండ్రంగా తిప్పాలో, నా పెదవులు అంతవరకూ వచ్చాయి కూడా. నేను పుట్టిన తరవాత ఎన్నడూ అనని మాట. అంటే ఎవరికి తెలుస్తుంది? నాకూ దానికీ.

అనలేదు. ముప్పై ఏళ్ళు ఇతరుల వేళ్ళు పట్టుకున్నవాణ్ణి, నా వేలు గొలుసు మీద పెట్టలేకపోయాను.

గోళ్ళ చప్పుడు దూరమైంది. చీలికలో వెలుగు మళ్ళీ వచ్చింది. కళ్ళు మూసుకున్నాను.

తరవాత అది పరుగున తిరిగి వచ్చింది. చీలిక దగ్గర నిలబడి, కీచుగా ఒక చిన్న అరుపు అరిచింది, అడిగి అడిగి విసుగెత్తినట్టు. ఆ వెంట మొరిగింది. ఆపకుండా మొరిగింది. ఆ సందులో నా చెవులు గింగురుమన్నాయి.

నన్ను పైకి లాగారు. అధికారి మొదటి ప్రశ్న నన్నే అడిగారు. "లోపలి నుంచి ఏమైనా చప్పుడు చేశారా మాస్టారూ? దగ్గడం గానీ, పిలవడం గానీ?"

"చెయ్యలేదు."

ఆయన నన్ను కాసేపు చూశారు. నేను దుకాణదారుల్ని ఎట్లా చూసేవాణ్ణో అట్లాగే. తరవాత రాసుకున్నారు. కుక్క గెలిచింది.

జవాను అంత దూరంలో బుగ్గలు ఉబ్బించుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. కళ్ళలోనూ నీళ్ళే. చాలు, ఉమ్మెయ్యమని అధికారి చేత్తో సైగ చేశాక గోడ పక్కన ఉమ్మి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. కుక్క అతని మోకాళ్ళ మీదికి ఎగబడింది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని, నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నరు గద సార్."

"ఏమిటి?"

"ఔ అన్నరు గద, లోపట్నుంచి."

"అనలేదయ్యా."

"జర నిజం జెప్పుండ్రి. నేను ఎవరికి జెప్ప. నేను అనకుంటే అది మొరగది సార్. పిల్లగున్నప్పటి సంది నాకెర్క."

"నేను నోరు తెరవలేదు. దానంతట అదే మొరిగింది."

అతను కుక్క వైపు చూశాడు. అది అతన్ని చూడటం లేదు. టీకొట్టు ముందు పారేసిన బన్ను ముక్కను చూస్తోంది. అతని ముఖంలో సంతోషం ఉంది, కానీ దాని అడుగున ఇంకేదో కదిలింది. ఇంటి తాళంచెవి పోయిందని వెతుకుతుంటే తలుపు తెరిచే ఉందని ఎవరో చెప్పినట్టు. అది ఎంతో సేపు లేదు. నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని నొక్కాడు.

"ఔ సార్, ఔ," అన్నాడు, పన్ను మీద పన్ను కనిపించేలా నవ్వి. "మీరు అనలే."

మళ్ళీ కాదనబోయాను. అప్పటికే కుక్కను బండి ఎక్కిస్తున్నాడు. ఎక్కే ముందు అది ఆగి, మెడ తిప్పి అతన్ని చూసింది. "ఔ," అన్నాడు. ఎక్కింది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. చొక్కాకు అంటిన సున్నం దులుపుతూ విన్నది.

"పోనీయుండ్రి," అంది. "మంచి పనే జేసిన్రు."

"నేనేమీ చెయ్యలేదని కదా ఇంతసేపూ చెప్తున్నది. నేను ఔ అనలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఔ," అంది.