రైటరమ్మ ఆలస్యంగా వచ్చిన మంగళవారం

నగర పోలీసు ప్రధాన కార్యాలయంలో మెట్లెక్కగానే ఒక పొడవాటి గోడ ఉంటుంది. నూట పాతికేళ్ళ చరిత్రంతా అక్కడ ఫ్రేముల్లో వేలాడుతోంది. మీసాల కమిషనర్లు, మీసాలు లేని కమిషనర్లు, వాళ్ళ పతకాలు, వాళ్ళ గుర్రాలు. గుర్రాలకైనా చోటు దొరికింది గాని మా అమ్మకు దొరకలేదు. ఆ గోడ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు.

అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు స్టేషన్ రైటర్‌గా పనిచేసింది. ఎనభై స్టేషన్ల ఆ శాఖలో కమిషనర్ కింద డిప్యూటీలు, వాళ్ళ కింద ఇన్‌స్పెక్టర్లు, ఆ కింద ఇంకెందరో. అందరికంటే అడుగున, తలుపు పక్క బల్ల దగ్గర అమ్మ. స్టేషన్‌లోకి ఎవరొచ్చినా, ఎవరు వెళ్ళినా గంటా నిమిషంతో సహా డైరీలో రాయడం ఆమె పని. ఒక్క దొంగనైనా పట్టలేదు, ఒక్కసారైనా లాఠీ ఎత్తలేదు.

"అదేం పోలీసు ఉద్యోగమే, గుమాస్తా పని" అని అమ్మమ్మ దెప్పేది.

స్టేషన్లలో పైకి చెప్పుకోని అలవాటు ఒకటుండేది. రైటర్లు డైరీలో పూటకు రెండు మూడు వరసలు ఖాళీగా వదిలేవారు, తర్వాత సర్దుకోవడానికి. సోమవారం పట్టుకొచ్చిన మనిషిని బుధవారం పట్టుకొచ్చినట్టు చూపాలంటే ఆ ఖాళీ కావాలి మరి! మధ్య రెండు రోజులూ మేడ మీది గదిలో అతన్ని ఏం చేశారో ఏ కాగితమూ చెప్పదు. అమ్మ ఖాళీ వదిలేది కాదు. రాయడానికేమీ లేకపోతే అడ్డగీత కొట్టేసేది. తను ఆలస్యంగా వస్తే అదీ రాసుకునేది. వెర్రిబాగులదని తోటివాళ్ళు చాటున నవ్వుకునేవారు.

ఒక మంగళవారం పొద్దున అమ్మమ్మకు పన్ను పీకించాల్సి వచ్చింది. ఆమెను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, నేను వచ్చాక నాకు అప్పజెప్పి, అమ్మ స్టేషన్‌కు పరుగెత్తింది. "డ్యూటీకి ఎనిమిదీ యాభైకి వచ్చాను. ఆలస్యానికి కారణం తల్లి పన్ను" అని డైరీలో రాసి సంతకం పెట్టింది. పదిన్నరకు మఫ్టీలో ఉన్న పోలీసులు ఒక ప్లంబరును పట్టుకొచ్చారు. అతను పైపులు బాగుచేసిన ఇంట్లో గొలుసు పోయిందట, అనుమానం. ఎప్పుడు తెచ్చారో, ఒంటి మీద గాయాలేమీ లేవన్న సంగతీ అమ్మ రాసింది.

మర్నాడు మధ్యాహ్నం ఊరి నడిబొడ్డున నగల దుకాణంలో పెద్ద దొంగతనం జరిగింది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఇన్‌స్పెక్టర్‌కు దొంగ దొరకలేదు గాని చేతిలో ప్లంబరు ఉన్నాడు. అప్పటికే అతని కాలు విరగ్గొట్టారు. ఆ దొంగ ఇతనేనని, గురువారం పారిపోతూ గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాడని కథ అల్లారు. దొంగతనం జరిగిన వేళ అతను స్టేషన్ మేడ మీదే ఉన్నాడని చెప్పేది ఒక్క అమ్మ డైరీయే.

"రైటరమ్మా, మంగళవారం పేజీ మళ్ళీ రాయాలి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రాసేశానండి."

"అందుకే మళ్ళీ రాయమంటున్నా."

"జరిగింది ఒక్కసారే కదండీ. రెండుసార్లు ఎలా రాయను?"

శుక్రవారానికల్లా ఆమెను టోపీలూ బూట్లూ పంచే స్టోరుకు బదిలీ చేసేశారు. "అతను మనకు చుట్టమా పక్కమా, నీకెందుకమ్మా?" అని నేను గొడవపడ్డాను. "డైరీ నాది కదే" అంది, బూట్ల దుమ్ము దులుపుకుంటూ.

కోర్టులో ప్లంబరు లాయరు అమ్మను సాక్షిగా పిలిచాడు. బదిలీ కక్షతో అబద్ధమాడుతోందని అవతలి లాయరు విరుచుకుపడి డైరీ ముందు పెట్టాడు. వెనక బెంచీలో అమ్మమ్మ, నేను. అక్షరాలు అచ్చు అమ్మవే, అడ్డగీతలూ ఆమెవే. మంగళవారం పేజీలో ప్లంబరు మాత్రం లేడు.

అమ్మ ఆ పేజీ పైవరస చదివి తలెత్తింది.

"ఇది నా డైరీ కాదండి."

"రాత మీది కాదా?" అన్నాడు జడ్జి.

"నా రాతలాగే ఉందండి. కానీ ఇందులో నేను సరిగ్గా ఎనిమిదింటికే డ్యూటీలో ఉన్నాను. ఆ వేళకు నేను పళ్ళ డాక్టరు దగ్గరున్నాను."

డాక్టరు పుస్తకం తెప్పించారు. పన్ను పీకడానికి ఒప్పుకుంటూ ఎనిమిదీ పదిహేనుకు అమ్మ పెట్టిన సంతకం ఉంది. ఇక తీగ లాగితే డొంకంతా కదిలింది. డైరీ తిరగరాసింది అమ్మ దగ్గర పని నేర్చుకున్న కానిస్టేబులు. అమ్మ రాత చూసి చూసి తన రాత దిద్దుకున్నవాడు.

"ఆవిడ వచ్చిన సమయం ఎందుకు మార్చావయ్యా?" అన్నాడు జడ్జి.

"మేడం లేటుగా వచ్చినట్టు నలుగురికీ తెలిస్తే చిన్నతనం కదండీ. మనసొప్పలేదు."

కోర్టంతా గొల్లుమంది.

"అసలు డైరీ ఏమైంది?"

"సార్ కాల్చెయ్యమన్నారండి. రాతపూర్వకంగా ఆర్డరు లేకుండా రిజిస్టరు కాల్చకూడదని మేడమే నేర్పారు. దొరికిన సామాన్ల బీరువాలో చీటీ కట్టి పెట్టానండి."

విడుదలైన ప్లంబరు తన భార్య భుజం పట్టుకుని కుంటుతూ ఇంటికి నడిచాడు. ఇన్‌స్పెక్టరు ఉద్యోగమూ పోయింది, తర్వాత జైలుకూ వెళ్ళాడు. ఎనభై స్టేషన్లకూ ఉత్తర్వు వెళ్ళింది, డైరీలో ఖాళీ వరస ఉండకూడదని. అందులో అమ్మ ఊసే లేదు. అమ్మకు విడిగా ఒక మెమో వచ్చింది. అసలు డైరీ ప్రకారం ఆ మంగళవారం యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చినందుకు అరపూట సెలవు కోత!

నేను శివాలెత్తిపోయాను. అమ్మ రెండుసార్లు చదివి, "టైము సరిగ్గానే వేశారు" అంది. ఆ క్షణంలో నాకు అంత గర్వం ఎందుకొచ్చిందో, అంత ఏడుపెందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. అమ్మమ్మ ఆనాటి నుంచి గుమాస్తా మాట ఎత్తలేదు. "మా అమ్మాయి పోలీసు" అంటుంది, ఎదుటివాళ్ళు అడక్కపోయినా. కేసు గెలిపించింది తన పన్నేనని కూడా అంటుంది.

ఆ మెమోను నేనే ఫ్రేము కట్టించి మా ముందుగదిలో పెట్టించాను. గోడకు మేకు కొట్టింది ఆ ప్లంబరే. ఫ్రేము తగిలించి, వంకర లేకుండా సరిచేసి, అందులోని ప్రతి అక్షరం నిలబడి చదివాకే కూర్చున్నాడు.