హలాల్ బండి

నాకు అరబీ రాదని ఎవ్వలన్నా అంటే ఒళ్లు మండేది. చిన్నప్పుడు మా టౌన్ల మద్రసకు పోయి అలిఫ్ బే నుంచి నేర్చుకున్నోన్ని. ఖతర్‌కు వచ్చినంక ఏడేండ్లు అల్ సద్ ఏరియాల కారు నడిపిన, సందు సందు ఎరుక. అందుకే మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్ సేటు, నన్ను ఊరి బయట తన మజ్రకు సూపర్వైజర్‌గ పంపినప్పుడు ఇగ నన్ను మించినోడు లేడనుకున్న. మజ్ర అంటే పొలము, గొర్ల దొడ్డి కలిసున్న జాగ. దాని వెనకాల కంచె దాటితే రాళ్లు, ఇసుక. చలికాలం కఫీల్ డేగలను అక్కడికే వేటకు తీసుకపోతడు.

మజ్రల తెలుగోళ్లం ఇద్దరమే. నేను, గొర్లను చూసుకునే పెద్దాయన. కాక అని పిలుస్త. ఆయనది మా దిక్కు పల్లెటూరే. పంతొమ్మిదేండ్లు ఈ గొర్లతోనే గడిపిండు. గేటు కాడ లారీ దించిన దాణా బస్తాలను నెత్తి మీద పెట్టుకొని దొడ్లకు మోసుడు ఆయన పని. మోసి మోసి నడుము పోయింది. లేవాలంటే ఒక చెయ్యి మోకాలు మీద, ఒక చెయ్యి గోడ మీద పెట్టాలె.

కఫీల్ అది చూసిండు. చెడ్డోడు గాదు. "నీకు చిన్న మోటరు బగ్గీ తెప్పిస్త. దాంతోని పని ఎల్లితే ఉండు, ఎల్లకపోతే ఇంటికి పోయి ఆరాం చెయ్" అన్నడంట. ఆ మాట కాక నాకు చాయ్ తాగుకుంట చెప్పిండు.

"బండి వస్తే ఇంకో రెండేండ్లు ఎల్లదీస్త బిడ్డా. మా పిల్లది నర్సు సదువు అయిపోతది. గంతే, ఇంకేమొద్దు నాకు."

"వస్తది కాకా, నేనే తెస్త" అన్న.

మర్నాడు కఫీల్ ఫోన్ చేసిండు. అరబీ, హిందీ కలిపి మాట్లాడుతడు. సల్వా రోడ్డు మీద షోరూములకు పోయి మంచి బగ్గీ ఒకటి నువ్వే చూడు అన్నడు. చివరికి గట్టిగ చెప్పిండు: "అవ్వల్ హలాల్. బాదేన్ సైద్."

సైద్ అంటే వేట. హలాల్ అంటే నాకు చెప్పాల్నా? ముందు హలాల్, తర్వాత వేట. అబ్బ, ఎంత దీన్, ఎంత భక్తి ఉన్న మనిషి అనుకున్న. డేగ పట్టిన పిట్ట కాడికి ప్రాణముండంగనే ఉరికి, బిస్మిల్లా అని కోస్తే మనసుకు నిమ్మళం. సరదా తర్వాత, ధర్మం ముందు అంటున్నడు. అంటే ఉరికే బండి కావాలె. ఎంత తెలివి నాది.

షోరూముల రెండు బండ్లు చూసిన. ఒకటి డీజిల్‌ది, ఇద్దరు కూసునేది, మెల్లగ పోతది. వెనక డబ్బా మోకాలెత్తుల ఉన్నది, మీట గుంజితే టిప్పర్ లెక్క వంగి సరుకు కింద పోస్తది. రెండోది పెట్రోల్‌ది. పెద్ద చక్రాలు, పొడుగు స్ప్రింగులు, నలుగురు కూసోవచ్చు, రాళ్ల మీద గంతులేస్తది. దాని డబ్బా చిన్నది, నా ఛాతీ ఎత్తుల ఉన్నది.

అమ్మేటాయన మలయాళీ. "మీ దగ్గర జీవాలున్నయా?" అని హిందీల అడిగిండు.

"ఉన్నయ్. అవి మా కాక చూసుకుంటడు."

"అయితే డీజిల్‌ది తీసుకోండి. తోటకు, దొడ్డికి అదే నయం."

"మా కఫీల్ ఏమన్నడో నీకెరుకనా, నాకెరుకనా?" అని కసిరిన. పాపం, ఆయన బిల్లు పుస్తకం తీసిండు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటరు గద, ఆ కుందేలును పట్టింది నేనే. బస్తాలంటవా, ఏ బండైనా మోస్తది అనుకున్న.

బండి దిగిన రోజు కఫీల్ వచ్చి చుట్టు తిరిగి చూసిండు. వెనక డబ్బా మీద చెయ్యేసి "వెయిన్ హలాల్?" అన్నడు. హలాల్ ఏది అని.

"వేట ఇంకా మొదలు కాలే గద అర్బాబ్" అన్న.

ఆయన నా మొఖం చూసిండు. దొడ్డి దిక్కు వేలు చూపిచ్చి "హలాల్, హలాల్!" అన్నడు. నాకు సమజ్ కాలే. పక్కనున్న కాక మెల్లగ చెప్పిండు.

"ఈళ్లు గొర్లను, మేకలను, ఒంటెలను హలాల్ అంటరు బిడ్డా. ముందు వాటి పనికి, తర్వాత వేటకు అన్నట్టు."

కఫీల్ నవ్విండు. మాఫీ ముష్కిల్, ఏం పర్వాలేదన్నడు. స్టీరింగు పట్టుకొని వేట జాగల రెండు చుట్లు కొట్టొచ్చి బండి మస్తున్నదన్నడు. వాపసు ఇద్దామా అని అడుగుడు నాకు నామోషీ అనిపించింది. అడుగలే.

మొదటి వారం బస్తాలు నేనే ఎత్తి పెట్టిన. తర్వాత మానేసిన. సూపర్వైజర్ని గద. కాక ఒక్కడే బస్తాను ఛాతీ దాక లేపి డబ్బల దొబ్బేటోడు, ఆ ఎత్తు సీటు మీదికి రెండు చేతులతోని పాకి ఎక్కేటోడు. అవుతుందా అంటే "అలవాటైతది తియ్" అనేటోడు. నెత్తి మీద మోసుడే నయముండె.

ఒకనాడు పొద్దుగాల బస్తా ఎత్తంగ కింద పడ్డడు. మల్ల లేవలే. బస్తా పలిగి దాణా అంత ఆయన కాళ్ల మీద పోసుకుంది, గొర్లు తడిక కాడికి వచ్చి ఒర్రుతున్నయ్. దవాఖానల డాక్టరు ఇగ బరువు ముట్టొద్దన్నడు. కఫీల్ టికెట్ తీసిండు.

ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకపోయిన. ఏడుపు రాలే, నా మీద నాకు కోపం సుత రాలే. స్పీడు కెమెరాలు ఎక్కడెక్కడున్నయో చూసుకుంట నడిపిన. ఆయనను చక్రాల కుర్చీల కూసోబెట్టి తోసుకపోతుంటే చెయ్యి లేపిండు, నేనూ లేపిన. వచ్చేటప్పుడు ఆకలైంది, ఆగి రొట్టె తిన్న. రుచి తెలిసింది. గదే నాకు ఇప్పటికీ అర్థం గాదు.

ఇప్పుడు గొర్లు నాకే పడ్డయ్. పొద్దుగాల బస్తాలు ఎత్తుత, దించుత. మంచిగనిపియ్యదు, చెడ్డగ సుత అనిపియ్యదు.

పోయిన శుక్రవారం కాక ఫోన్ చేసిండు. ఊర్లోళ్లు దుబాయ్‌కి పోయి నడుము ఇరగ్గొట్టుకొచ్చిండంటున్నరంట. అది దుబాయ్ గాదు అంటే ఎవ్వడింటడు అన్నడు. గొర్లు ఈనినయా అని అడిగిండు. ఈనినయన్న.

"పిల్ల సదువు ఎట్లున్నది కాకా?"

"బంద్ వెట్టింది. నన్ను లేపాలె, కూసోబెట్టాలె, బయటికి తీస్కపోవాలె. ఆమె తప్ప ఎవ్వలున్నరు?" మామూలుగనే చెప్పిండు.

అప్పుడు నోరు తెరిచిన. మాఫ్ చెయ్యి కాకా అన్న. ఆ ఒక్క మాటకు అర్థం తెలువక తప్పు బండి తెచ్చిన, తెలుసనుకున్న, నిన్నొక్కసారి అడుగకపోతిని అన్న.

వెనక ఆ పిల్ల గిన్నెలు తోముతున్న సప్పుడు వినవడ్డది.

"పక్కనే ఉంటి గద బిడ్డా" అన్నడు. "అడిగితే చెప్పకపోదునా?"