గూడబాతులు వచ్చే తిథి

మా ఊరి చెరువు వెనక చిత్తడి నేలలో నడకబాట వేశారని తెలిసి, నేనూ మా తోడికోడలూ చూడటానికి వెళ్ళాం. వెల్దుర్తి వైపు మాది బోరు వేస్తే బండ తగిలే నేల. అలాంటి చోట ఏడాది పొడుగునా తడి ఆరని మడుగు ఉండటమే వింత. బాట మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసమే వేసినట్టుంది. ఎత్తు లేదు, పల్లం లేదు. గేటు నుంచి చివరి చెక్క వంతెన దాకా నా అడుగులు పదహారు వందల నలభై.

"నీకెన్ని వచ్చాయే?" అని అడిగాను.

"నడిచేదానికి లెక్కెందుకక్కా? కాళ్ళకి తెలుసులే" అంది.

నేను వెళ్ళింది బాట కోసం కాదు. అక్కడ వచ్చినవాళ్ళకు పిట్టలను చూపించే అమ్మాయి ఒకతె ఉంది. గూడబాతులు ఏటా ఎప్పుడు వస్తాయో గేటు దగ్గర బోర్డు రాయించాలని, తెలిసినవాళ్ళు చెప్పమని ఊళ్ళో అడిగింది. ఊళ్ళో తెలిసినదాన్ని నేనే. ముక్కు కింద సంచి వేలాడే ఆ పెద్ద పిట్ట మొదటిసారి కనబడిన రోజున, గోడ మీది క్యాలెండర్లో ఆ తిథి పక్కన 'గూ' అని రాస్తాను. పాలు రాని రోజున 'పా' అని రాసినట్టే. అలా తొమ్మిదేళ్ళవి ఒక కాగితం మీదికి ఎత్తి, సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

వంతెన మీద ఆ అమ్మాయి కలిసింది. నేను సంచి జిప్పు తీసేలోపే మా తోడికోడలు మొదలుపెట్టింది. గూడబాతు నీళ్ళ మీద దిగేటప్పుడు కాళ్ళు ముందుకు చాచి, ఎడ్లబండికి బ్రేకు వేసినట్టు ఎలా ఆగుతుందో చేసి చూపించింది. పిల్లకు మేత పెట్టేటప్పుడు పిల్ల తల మొత్తం తల్లి గొంతులోకి ఎలా పోతుందో చెప్పింది. చూడవచ్చిన నలుగురూ చుట్టూ చేరారు. అమ్మాయి ఫోనులో వీడియో తీసింది. అన్నీ నేనూ చూసినవే. నా పక్కన నిలబడి చూసినవే. నాకెందుకు అలా చెప్పడం రాదో ఇప్పటికీ తెలియదు.

"మరి ఎప్పుడొస్తాయి పిన్నీ?" అంది అమ్మాయి. నన్ను కాదు, దాన్ని.

"స్వాతి కార్తెలో. అది ఎల్లేలోపు దిగాల్సిందే."

నేను కాగితం తీశాను. "అలా గాలిలో చెప్తే బోర్డుకెక్కదమ్మాయ్. ఒక ఏడు ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి. ఒక ఏడు కార్తీక శుద్ధ సప్తమి. మధ్యలో ఇరవై అయిదు తిథుల తేడా. సగటు తీస్తే ఆశ్వయుజ బహుళ దశమి. అదే రాయించు."

మా తోడికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సగటున వచ్చే పిట్టలేందక్కా! దశమి చూసుకుని బయల్దేరటానికి అవేమన్నా పెళ్ళికి పోతున్నయ్యా?"

అందరూ నవ్వారు. అమ్మాయి కూడా. "పెయింటరు సోమవారం వస్తాడు పెద్దమ్మా. ఈలోపు ఏదో ఒకటి తేల్చండి" అంది.

ఇంటికొచ్చి, దాని మాట తప్పని తేల్చడానికే తొమ్మిది క్యాలెండర్లూ మంచం మీద పరిచాను. కార్తె ఏ రోజు మొదలవుతుందో ప్రతి క్యాలెండర్లోనూ చిన్న అక్షరాల్లో వేసే ఉంటుంది. పొలం పనులు మగవాళ్ళవని నేనెప్పుడూ ఆ అక్షరాలు చదవలేదు. ఇప్పుడు చదివాను. నా 'గూ' ఏటా స్వాతి కార్తెలోనే పడింది. తిథులు మాత్రం అటూ ఇటూ జరిగాయి. అధికమాసం వచ్చిన ఏడు పండగలన్నీ వెనక్కి పోతాయి కదా. కార్తె పోదు, అది సూర్యుణ్ణి బట్టి నడిచేది. పిట్టలూ అంతే. తొమ్మిదేళ్ళు నేను కళ్ళతో చూసింది సరే, రాసుకున్న గళ్ళే తప్పు. సంతకం కూడా రాని మా తోడికోడలికి, కార్తెలు చూసుకుని పొలం పనికి పోయే మనిషి కాబట్టి, అది ఎప్పుడో తెలుసు.

రెండోసారి లెక్కపెట్టాను. ఒక ఏడు స్వాతి వెళ్ళిపోయాక, విశాఖ కార్తె మొదటి రోజున వచ్చాయి. ఆ గడి దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషం గురించి రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆదివారం అమ్మాయికి ఫోను చేశాను. "స్వాతి కార్తె అని రాయించు. తొమ్మిదేళ్ళలో ఎనిమిదేళ్ళు సరిపోయింది."

"అయితే పిన్ని చెప్పిందే నిజమన్నమాట!"

"ఎనిమిదిసార్లు" అన్నాను.

సాయంత్రం పిట్టగోడ అవతల మా తోడికోడలు మిరపకాయలు ఎత్తుతోంది. చెప్పకూడదనుకున్నాను. అదే అడిగింది.

"ఏందక్కా, ఏం తేలింది నీ లెక్కల్లో?"

"ఒకసారి తప్పావు" అన్నాను.

"ఒక్కసారేనా!" అని గంప దించి పగలబడి నవ్వింది. "నేను చానా తప్పుంటాననుకున్నా!"

దానికి తన మాట మీద ఆ మాత్రం నమ్మకం కూడా లేదు. అయినా నెగ్గింది. ఇప్పుడు గేటు దగ్గర బోర్డు మీద స్వాతి కార్తె అనే ఉంది. చూసినప్పుడల్లా ఆ తొమ్మిదో ఏడు కూడా రాయించి ఉండాల్సిందని అనుకుంటాను.