ఉంగుటూరులో పెట్టిన ప్రస్థానం

ద్వారకా తిరుమల చినవెంకన్న మీద ఒట్టేసి మొదలుపెడుతున్నాను. ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. ఆటపాక దగ్గర ఒక గూడబాతు నా టిఫిన్ క్యారేజీ ఎత్తుకెళ్ళి, చేపల పులుసు తినేసి, మర్నాడు ఖాళీ గిన్నెలు అదే గట్టు మీద పెట్టి వెళ్ళిందని పదేళ్ళుగా చెబుతున్నవాణ్ణి నేనే. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

దెయ్యాలూ, మాయలూ నేను ఏనాడూ నమ్మలేదు. ఏలూరులో చేపల చెరువుల మేత అమ్ముతాను. పాతికేళ్ళుగా కొల్లేరు గట్ల మీద తిరుగుతున్నాను. నీటిపాములు కనబడ్డాయి, నీరుకాకులు కనబడ్డాయి. అంతకుమించి ఏదీ కనబడలేదు. మా ఆవిడ దిష్టి తీస్తానంటే ఎండుమిరపకాయలు దండగ అనే మనిషిని.

మా అక్క పేరు సత్యవతి. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. చుట్టుపక్కల హైస్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళపైన సోషల్ చెప్పి రిటైరై, తాడేపల్లిగూడెంలో ఒక్కతే ఉంటుంది. చిన్నప్పుడు కొల్లేరులో తాటిదోనె దిగుతూ పడి ఎడమ చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ నడుస్తుంటే ఆ పాదం కొంచెం బయటికి వాలుతుంది. ఆవిడ ఏ చెప్పులు వేసుకున్నా ఎడమదాని బయటి అంచే ముందు అరుగుతుంది.

ఉంగుటూరులో పనిచేసే రోజుల్లో ఆవిడకి ఎవరో ఒక పాత క్యాలెండర్ ఇచ్చారు. అందులో ప్రాగ్ నగరం బొమ్మ ఉంది. నది, నది మీద రాతి వంతెన, వంతెనకి రెండువైపులా పొగచూరినట్టు నల్లటి విగ్రహాలు. అక్క తేదీల కాగితాలు చించేసి బొమ్మని క్లాసు గోడకి తగిలించింది. యూరపు పాఠం వచ్చిందంటే ఆ వంతెన మీదినుంచే మొదలు. రిటైరైన రోజున దండలన్నీ స్కూల్లో వదిలేసి ఆ బొమ్మ మాత్రం ఇంటికి తెచ్చుకుంది.

కిందటేడు దసరా ముందు ఆవిణ్ణి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎడమ కంటి నరం ఎండిపోయిందన్నారు. కుడికన్ను మాటేమిటని అడిగితే, "ఇంకో ఏడాది చూపు ఉంటుందనుకోండమ్మా. ఆపైన నేను చెప్పలేను" అన్నారు. ఆటోలో అక్క ఒక్కో కన్నూ మూసి దారిలో బోర్డులు చదువుకుంది. గేటు దగ్గర దిగాక అంది.

"ఒరేయ్ బుజ్జీ, ఆ వంతెన చూపిస్తావా?"

ఏడు రోజులు, మా ఇద్దరికీ, ఉన్నంతలో. నేను ప్లానుకి కూర్చున్నాను. ఎండాకాలం వెళితే ఊరంతా జనం, అన్నీ ప్రియం. ఫిబ్రవరి అయితే చలి ఎక్కువ, టికెట్టు తక్కువ. హైదరాబాద్‌లో ఎక్కి గల్ఫ్‌లో విమానం మారాలి. వంతెన పక్కన గది తీసుకుంటే కిటికీకే సగం డబ్బు పోతుంది. నాలుగు ట్రామ్ స్టాపుల అవతల, చిన్న వంటగది ఉన్న గది చూశాను. కుక్కరు, బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి మనవే.

అక్క కంటికి పదింటి నుంచి రెండింటి దాకా, వెలుతురు బాగున్నప్పుడే పని. కాబట్టి రోజుకి ఒక్క చోటే. మొదటిరోజు విశ్రాంతి. రెండోరోజు వంతెన. గంట కొట్టినప్పుడల్లా బొమ్మలు బయటికొచ్చే పాత గడియారం ఒకరోజు. కోటకి ట్రామ్‌లో కొండెక్కి, మెట్ల మీదుగా మెల్లగా దిగడం ఒకరోజు. మూడోరోజు ఏం రాయమంటావని అడిగితే మళ్ళీ వంతెనే అంది.

"రెండుసార్లెందుకే?"

"మొదటిసారి చూడ్డానికి. రెండోసారి నిజమేనని నమ్మడానికి."

మా ఆవిడ పక్కనుంచి, "ఏవండీ, ఫొటోలు మాత్రం వదినగారి చేత తీయించండి. మీరు తీసినవైతే ఊళ్ళో ఎవరూ నమ్మరు" అంది.

వీసాకి హైదరాబాద్ వెళ్ళి వేలిముద్రలిచ్చి వచ్చాం. పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. ఈలోగా పంతులుగారు పంచాంగం చూసి, పడమటి ప్రయాణానికి ఒక గురువారం ఉదయం చాలా బాగుంది, అది దాటితే మూఢం అన్నారు. గురువారం వచ్చింది గానీ వీసా రాలేదు. అక్క కంగారు పడలేదు. "ప్రస్థానం పెడదాం" అంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మంచి ముహూర్తానికి మనిషి బయల్దేరలేకపోతే, వెంట తీసుకెళ్ళే సామాను కొంత మూటగట్టి, ఆ వేళకి, వెళ్ళాల్సిన దిక్కులో ఉన్న వేరేవాళ్ళ ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత వీలైనప్పుడు మనిషి వెళుతూ ఆ మూట తీసుకుంటాడు. మా నాయనమ్మ కాశీకి అలాగే వెళ్ళిందట.

తాడేపల్లిగూడేనికి పడమర ఉంగుటూరు. అక్కడ అక్క స్నేహితురాలు సువార్త టీచర్ ఉన్నారు. ఇద్దరూ ఒకే స్కూల్లో చేశారు. "చర్చికి వెళ్ళే ఇంట్లో మన ప్రస్థానమేంటే?" అన్నాను. "ఆవిడ ఇల్లు పడమర ఉందా లేదా?" అంది అక్క.

చక్రాల బ్యాగులో ఒక చీర, కొత్త స్వెట్టరు, ఏలూరులో కొన్న కొత్త కాన్వాసు బూట్లు పెట్టింది. పసుపు బొట్టు పెట్టిన బ్యాగులో బూట్లేంటని నేను అడిగితే, "నడిచేవి అవే కదరా" అంది. బూట్లు నేనే లోపల సర్దాను. అడుగున అతికించిన ధర చీటీ పీకబోతే ఊడలేదు, వదిలేశాను. బ్యాగుకి చిన్న తాళం వేసి, తాళంచెవి తన మెడ గొలుసుకి తగిలించుకుంది.

సువార్త టీచర్ నవ్వుతూ బ్యాగు అందుకున్నారు. "ప్రార్థన చేసి మరీ బీరువా మీద పెడతానండీ సత్యవతిగారూ. రెండువైపుల నుంచీ సిఫారసు ఉంటుంది."

శనివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. పిక్కలు పట్టేశాయి, కాలు కింద పెట్టలేకపోతున్నాను అంది. ఆదివారం వెళ్ళి చూస్తే పాదాలు రెండూ వాచి ఉన్నాయి. ఎక్కడికైనా తిరిగావా అంటే గడప దాటలేదంది. పనిమనిషీ అదే చెప్పింది. నొప్పుల మందు రాసి వచ్చాను. అప్పటికి నాకు ఏ అనుమానమూ లేదు. వయసనుకున్నాను. మంగళవారం దాకా ఆ నొప్పి ఉంది, బుధవారానికి దానంతటదే పోయింది.

శుక్రవారం పాస్‌పోర్టులు వచ్చాయి. వీసా లేదు. లోపల ఒక కాగితం, అందులో ఒక గడిలో టిక్కు. మేం రాసిచ్చిన ప్రయాణ వివరాలు నమ్మదగినవిగా లేవట. నా జీవితంలో ఒక్క అబద్ధం కూడా కలపకుండా రాసిన కాగితం అదొక్కటే. దాన్నే నమ్మలేదు.

అక్క ఏడవలేదు. గోడకున్న బొమ్మ తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. "ఉంగుటూరు వెళ్ళి బ్యాగు తెచ్చెయ్యరా" అంది, అంతే.

మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళాను. సువార్త టీచర్ స్టూలు వేయించి బీరువా మీంచి బ్యాగు దింపించారు. దానిమీద సన్నగా దుమ్ము. ఆవిడే కొంగుతో తుడిచి, "పెట్టినది పెట్టినట్టే ఉందండీ తమ్ముడుగారూ. ఇవాళే దించడం" అన్నారు. సొంత కూతురు పరీక్షల్లో కాపీ కొడుతుంటే పట్టించిన మనిషి ఆవిడ. ఆవిడ మాటకి నేను సాక్ష్యం అడగను.

గూడెం వచ్చాక అక్క గొలుసు తీసి తాళం తెరిచింది. చీర మడత చెక్కుచెదరలేదు. స్వెట్టరు అలాగే ఉంది. బూట్లు బయటికి తీసి, వాటి అడుగు వేలితో తడుముతూ ఆగిపోయింది.

"బుజ్జీ, ఇటు చూడు."

అడుగున గీతలు అరిగిపోయి ఉన్నాయి. ధర చీటీ లేదు, దాని జిగురు మరక మాత్రం బూడిదరంగులో మిగిలింది. ఎడమ బూటు బయటి అంచు మూడొంతులు పోయింది. గాడుల్లో ఇరుక్కున్న ఇసుక పుల్లతో తీసి కాగితం మీద పోశాను. మన రేగడి కాదు, కామవరపుకోట వైపు ఎర్రమట్టి కాదు. రాయి అరిగితే వచ్చే బూడిదరంగు పొడి.

ఆ తర్వాత బ్యాగు పక్కజేబులో అక్కకి ఒక చిన్న కాగితం దొరికింది. భూతద్దం పెట్టి చూసింది. ప్రాగ్ ట్రామ్ టికెట్టు. తేదీ తడిసి చెరిగిపోయింది గానీ, ఎక్కాక మరలో పెడితే పడే ముద్ర ఉంది.

సోమవారం నేను ఆ బూట్లు పట్టుకుని ఏలూరులో కొన్న షాపుకి వెళ్ళాను. షాపాయన తిప్పి చూసి, "ఆర్నెల్లు వాడేసి ఇప్పుడు మార్చమంటే ఎలాగండీ?" అన్నాడు. బిల్లు చూపించాను. కొని మూడు వారాలు కాలేదు. ఆయన బిల్లునీ బూట్లనీ నన్నూ మార్చిమార్చి చూసి, "ఎవరో రాళ్ళ మీద తెగ నడిచారండీ" అన్నాడు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. సువార్త టీచర్ పాదం అక్క పాదంలో సగముంటుంది. ఆ ఇంట్లో ఇంకొకరు వేసుకున్నారనుకుంటే తాళం ఎలా తీశారు? తీసినా ఎడమ అంచు మాత్రమే అలా అరిగేలా నడిచే మనిషి ఈ జిల్లాలో ఇంకొకరున్నారా? షాపులో పాతజత అంటగట్టారనుకుంటే, కొత్త అడుగు కళ్ళారా చూసి చీటీ పీకబోయింది నేనే. ఏ దారీ కుదరలేదు.

అసలు చిక్కు ఇక్కడినుంచే మొదలైంది. ఆ రోజునుంచి అక్క మొహం తేటపడింది. గోడ మీద బొమ్మ మళ్ళీ ఎక్కింది. వారం తిరిగేసరికి, "వంతెన మీద గాలి చెవుల్లో కొట్టిందిరా. తలకి కట్టుకోడానికి ఏమైనా పెట్టాల్సింది" అనడం మొదలుపెట్టింది. నేను ప్లాను తిరగరాసి, ఈసారి కాగితాలన్నీ పద్ధతిగా పెట్టి, హైదరాబాద్‌లో మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. చెబితే చెయ్యి ఊపేసింది.

"ఒకసారి వెళ్ళొచ్చాక మళ్ళీ ఎందుకురా? దండగ."

"నువ్వెక్కడికి వెళ్ళావే?"

"టికెట్టు చూశావు కదా."

డాక్టరు చెప్పిన ఏడాదిలో ఇప్పటికి ఏడు నెలలు పోయాయి. మొన్న అన్నం వడ్డిస్తూ పళ్ళెం పక్కన వడ్డించింది. నేను చూడలేదనుకుంది.

అందుకని ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఆ టికెట్టు నాది. ఆకివీడులో రొయ్యల వ్యాపారం చేసే నా స్నేహితుడు రెండేళ్ళ కిందట ప్రాగ్ చూసొచ్చాడు. నేను ప్లాను రాసుకుంటుంటే అతని పుస్తకంలో ఉన్న టికెట్టు నాకిచ్చాడు. బ్యాగు తెచ్చే రోజున, ఉంగుటూరు సెంటర్లో టీ తాగుతూ, తేదీ మీద తడివేలితో రుద్ది పక్కజేబులో పెట్టాను. పక్కజేబుకి తాళం లేదు. అక్క బోర్లా పెట్టిన బొమ్మ నా కళ్ళలో మెదులుతోంది. కాసేపు నవ్వుతుందనుకున్నాను. దానికంటే ముందు అరిగిపోయిన బూట్లు బయటికొస్తాయని నాకేం తెలుసు? టికెట్టు దొరగ్గానే చెప్పేయాల్సింది. అంత బాగా కుదిరిన కథని నా చేత్తో పాడుచేసుకోలేకపోయాను. అదీ నా బలహీనత.

తర్వాత చెప్పాను. ఒట్టేసి చెప్పాను. అక్క పకపకా నవ్వింది. "ఇన్నాళ్ళకి నువ్వు అబద్ధమాడానని ఒప్పుకుంటే నేను నమ్మాలా? పోరా" అంది. స్నేహితుణ్ణి తీసుకొచ్చి చెప్పించాను. ఎంత ఇచ్చి తెచ్చుకున్నావని నన్నే అడిగింది.

ఆదివారాలు చర్చి అయ్యాక సువార్త టీచర్ గూడెం వచ్చి అక్కకి ఈ పత్రిక చదివి వినిపిస్తారు. ఆవిడ గొంతులో వింటే నమ్ముతుందని దీన్ని అచ్చుకి పంపుతున్నాను. టీచర్‌గారూ, ఇక్కడినుంచి కాస్త నెమ్మదిగా చదవండి.

అక్కా, టికెట్టు ఒక్కటే నేను కల్పించింది. బూట్ల సంగతి నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. నీ కాళ్ళు వెళ్ళొచ్చాయేమో, కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. కళ్ళు మాత్రం ఇంకా వెళ్ళలేదే. వచ్చే నెలలో అపాయింట్‌మెంట్. పద.