ఐదో వరసలో తప్పిన గొలుసు

మొన్న డిసెంబరు మొదట్లో, కళ్ళజోడు మార్చి తీరాల్సిందేనని పిల్లలు పోరు పెడుతుంటే, రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఉన్న ఒక కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. గుమ్మానికి ప్లాస్టిక్ స్టారొకటి వేలాడుతోంది, దాని చుట్టూ రంగు బల్బులు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. కౌంటరు దగ్గరున్న అమ్మాయి నా చేతిలో ఒక చీటీ పెట్టి, వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చదువుకుని సంతకం పెట్టమంది. దగ్గరగా పెట్టుకున్నాను, దూరంగా పెట్టుకున్నాను, ఊహూఁ, చీమలు బారులు తీరినట్టుంది తప్ప ఒక్క అక్షరమూ ఆనలేదు. అది గమనించి ఆ పిల్ల, "ఇలా ఇవ్వండాంటీ, నేను చదువుతాను" అని చీటీ అందుకుని గడగడా చదివేసింది. అంతే, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పాపం, ఆ పిల్ల కంగారు పడిపోయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆ చిన్న మాట అనాల్సిన చోట నేను అనలేకపోయి పాతికేళ్ళు దాటిందని దానికేం చెప్పను?

పెళ్ళయి పాలకొల్లు దగ్గర అత్తగారి ఊరికి వెళ్ళిన కొత్తలో, పక్క ఊళ్ళో ఉన్న మిషన్ స్కూల్లో రెండో తరగతి పిల్లలకి టీచరుగా చేరాను. మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు, ఇంట్లో సత్యనారాయణ వ్రతాలూ అట్లతద్దెలూ తప్ప క్రిస్మస్ సంగతి నాకు బొత్తిగా తెలీదు. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితాలు మైదా ఉడకేసిన జిగురుతో అంటించి, లోపల బల్బు పెట్టి పెంకుటిళ్ళ మీద స్టార్లు ఎత్తేవారే, నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ స్టార్లు దూరం నుంచి చూడడమే నేనెరిగిన క్రిస్మస్. అలాంటిది, నవంబరు ఆఖర్లో హెడ్‌మిస్ట్రెస్ గారు ఒక స్టీలు డబ్బా తెచ్చి మా అందరి ముందూ పెట్టి చీటీ తీయమన్నారు. ఎవరి పేరొస్తే వారు మనకి 'క్రిస్మస్ ఫ్రెండ్'. నెల పొడుగునా వాళ్ళకి తెలియకుండా ఒక సేఫ్టీపిన్నుల అట్టో, రెండు జీళ్ళో, ఒక పెన్నో వాళ్ళ బల్ల సొరుగులో పెడుతుండాలి. సెలవులిచ్చే ముందు బళ్ళో సెమీ క్రిస్మస్ అని చేస్తారు, ఆ రోజున అసలు బహుమతి, ఒక ఉత్తరంతో సహా ఇవ్వాలి. ఇచ్చింది ఎవరో పుచ్చుకున్నవాళ్ళు కనుక్కోవాలి. వాళ్ళు కనుక్కునేదాకా ఇచ్చినవాళ్ళు పెదవి విప్పకూడదు, విప్పితే ఆట చెడిపోయినట్టే. ఇంతవరకూ నాకు చెప్పారు. చెప్పనిది ఒకటుందని తరవాత తెలిసింది.

నాకు మా కుట్టు టీచరు గారి పేరొచ్చింది. యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఎప్పుడూ లేతరంగు నేత చీరే కట్టేవారు. పెద్దపిల్లలకి లేసు అల్లిక నేర్పడం ఆవిడ పని. కాంపౌండులోనే జామచెట్టు వెనకాల బడి వాళ్ళిచ్చిన ఒంటి గదిలో ఉండేవారు. ఒకసారి ఆ గదికి వెళితే నాకొకటి విచిత్రంగా తోచింది. ఆవిడ చేతి లేసులు నరసాపురం వెళ్ళి, అక్కణ్ణించి పడవలెక్కి ఏయే దేశాల బల్లల మీదో పరుచుకుంటాయి గదా, ఆవిడ బల్ల మీద మాత్రం పాత క్యాలెండరు కాగితం పరిచి ఉంది. అడిగితే, "అల్లేవాళ్ళ ఇళ్ళల్లో లేసులెక్కడుంటాయమ్మా" అని నవ్వేశారు. అప్పుడే అనుకున్నాను, ఆ బల్లకి కంచమంత గుండ్రటి లేసు గుడ్డ నా చేత్తో అల్లి ఇవ్వాలని.

అనుకోవడమైతే అనుకున్నాను గానీ నాకు ఆ కొక్కెం సూది పట్టుకోవడం కూడా రాదు. నేర్పగలిగిన మనిషి చుట్టుపక్కల ఒక్కరే ఉన్నారు, ఆవిడకే ఇవ్వాలి. చేసేదేం లేక, మా అత్తగారికి టీవీ మీద కప్పే గుడ్డ అల్లి ఇద్దామనుకుంటున్నానని ఆవిడతో ఒక అబద్ధం ఆడాను. ఆవిడ ఎంత మురిసిపోయారంటే, ఆ ఆదివారం సంతలో మా అత్తగారు కలిస్తే, మీ కోడలు బంగారమండీ అని మొత్తం చెప్పేశారు. ఇహ చూడండి నా పాట్లు! మా అత్తగారు వీధి వీధంతా టముకు వేసి, టీవీ మీద ఎప్పట్నుంచో ఉన్న తువ్వాలు కూడా తీసేసి ఎదురుచూడడం మొదలెట్టారు.

రోజూ బడి విడిచిపెట్టాక అరగంటసేపు ఆవిడ దగ్గర కూర్చునేదాన్ని. సూదితో దారాన్ని గొలుసు మీద గొలుసుగా వేసుకుంటూ గుండ్రంగా వరసలు తిప్పడమే పని, చెప్పుకోడానికి ఇంతే, చేస్తుంటే చెమటలు పట్టేవి. ఆవిడ నా అల్లిక చేతిలోకి తీసుకుని, ఎటో చూస్తూ బొటనవేలితో నెమ్మదిగా అంచంతా తడిమి, "ఇక్కడ తప్పారు, విప్పండి" అనేవారు. అక్కడ తప్పే ఉండేది. చూడకుండానే తప్పు పట్టుకునే పనితనమని నేను ఆశ్చర్యపోతుండేదాన్ని, ఎంత మట్టిబుర్రనో! ఒకరోజు గోడ గడియారం కిందే నిలబడి టైమెంతయిందని నన్ను అడిగినప్పుడు గానీ నా బుర్రకి తట్టలేదు. హాజరు పట్టీ పిల్లలచేత ఎందుకు చదివిస్తారో, సూదిలో దారం ఎందుకు ఎక్కించమంటారో అప్పుడు ఒక్కొక్కటే అర్థమయ్యాయి. నా మొహంలో మార్పు ఆవిడకి కనపడదు గదా, నా మౌనాన్ని బట్టే కనిపెట్టారు. కంటి నరం ఎండిపోతోందని కాకినాడ డాక్టరు చెప్పాడట, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదట. "ఎవరితోనూ అనకండమ్మా. వేళ్ళున్నంతకాలం నేర్పగలను. ఈ ఉద్యోగం పోతే గది పోతుంది, గది పోతే నాకు తలదాచుకునే చోటు లేదు" అన్నారు. అననని చేతిలో చెయ్యేసి చెప్పాను.

గుడ్డ పూర్తయింది. ఐదో వరసలో ఒక గొలుసు తప్పిందని ఆవిడ ముందే చెప్పారు, అక్కడిదాకా విప్పితే మళ్ళీ పండగలోపు అవ్వదని నేనే మొండికేసి వదిలేశాను. ఉత్తరం కూడా రాశాను. ఆవిడ చదవలేరని తెలిసీ ఎందుకు రాశానంటే, ఉత్తరం అంటే ఇంటికి తీసుకెళ్ళి చదువుకునేదే అని నా నమ్మకం. ఆ సాయంత్రం గదికి వెళ్ళి నేనే చదివి వినిపిద్దామని ముచ్చటపడ్డాను. సెమీ క్రిస్మస్ నాడు ఆ ఉత్తరాన్ని స్టేజి మీద, అందరి ముందూ, పైకి చదవడం ఆ బడి ఆనవాయితీ అని నాకెవరూ చెప్పలేదు. తరతరాలుగా చేసుకునేవాళ్ళకి అది చెప్పాల్సిన సంగతిగా తోచదు, అడగాలని నాకు తోచలేదు.

ఆ రోజు మొదటి టీచరు పొట్లం విప్పి ఉత్తరం పైకి చదవడం మొదలెట్టాక గానీ నాకా సంగతి తెలియలేదు. కుట్టు టీచరు గారి వరస వచ్చింది. లేచి వెళ్ళి, పొట్లం విప్పి, గుడ్డని బొటనవేలితో ఒక్కసారి తడిమి, ఐదో వరస దగ్గర ఆగి, మొహమంతా నవ్వుతో నా పేరు చెప్పేశారు. హాలంతా చప్పట్లు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. అంతలో హెడ్‌మిస్ట్రెస్ గారు సరదాకే, "ఉత్తరం చదవకుండా తప్పించుకుంటే ఎలాగండీ?" అన్నారు. పిల్లలు "చదవండి టీచర్, చదవండి టీచర్" అని అందుకున్నారు.

అప్పుడే నేను లేచి, ఇలా ఇవ్వండి, నేను చదువుతాను, అని ఉండాల్సింది. నా పేరు బయటపడిపోయింది కూడా, ఇహ ఏ నియమమూ అడ్డు లేదు. కానీ ఎందుకు నువ్వు చదవడం అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, ఇచ్చిన మాట తప్పినట్టవుతుందేమో, కొత్తదాన్ని, వాళ్ళ మతం కానిదాన్ని, వీళ్ళ పండగలో తగుదునమ్మా అని దూరినట్టుంటుందేమో, ఇలా లక్ష ఆలోచనలు వచ్చి నా నోరు పెగల్లేదు. ఆవిడ కాగితం మడత విప్పి, కళ్ళజోడు సర్దుకుని, తొట్రుపాటన్నది లేకుండా చదవడం మొదలెట్టారు. అది నేను రాసింది కాదు. ఆవిడకి కంఠతా వచ్చిన ఏదో బైబిలు కీర్తన వాక్యం. ఎంత చక్కగా చెప్పారంటే, హాలంతా నమ్మింది. ముందు వరసలో కింద కూర్చున్న మా రెండో తరగతి పిల్లొకతె మాత్రం లేచి నిలబడి, "టీచర్, మీరు కాగితం తిరగేసి పట్టుకున్నారు!" అని గట్టిగా నవ్వింది. దానికి ఆ అక్షరాలు నేర్పింది నేనే.

పిల్లలు కాసేపు నవ్వారు, పెద్దవాళ్ళం నవ్వలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారు మెల్లిగా వెళ్ళి ఆవిడ చేతిలో కాగితం తిప్పి చూసి, మళ్ళీ ఆవిడకే ఇచ్చేశారు. ఆవిడ నిలబడే ఉన్నారు, ఎటు దిగాలో తెలియక. అప్పుడు వెళ్ళాను, చెయ్యి పట్టుకుని దింపడానికి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే కదండీ.

ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు, అదే బాధ. అందరూ మంచిగానే ఉన్నారు. విశ్రాంతి తీసుకోండన్నారు, జనవరిలో శాలువా కప్పారు, కొత్త కుట్టు టీచరు రాబోతోంది గనక నెలాఖరుకి గది చూసుకోమన్నారు. నేను హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గరికెళ్ళి ఏడిస్తే, "నా చేతిలో ఏముందమ్మా, నిర్ణయం కమిటీ వాళ్ళదే కదా" అని ఆవిడా కళ్ళు తుడుచుకున్నారు. మనింటికి తీసుకొద్దామా అని మా ఆయన్ని అడిగితే, ఆయన వంచిన తల ఎత్తకుండా అన్నం తిని పొలానికి వెళ్ళిపోయారు. నాకూ రెండోసారి అడిగే ధైర్యం లేకపోయింది. నరసాపురం అవతల కుట్టు టీచరు గారి పినతల్లి కూతురొకరు ఉంటే, చివరికి అక్కడికే వెళ్ళేలా మాట్లాడుకున్నారు.

వెళ్ళే రోజు పొద్దున్న గదికి పిలిపించారు. ట్రంకుపెట్టె మీద కూర్చుని, "ఇప్పుడు చదవండమ్మా, ఎవరూ లేరు" అని ఆ ఉత్తరం నా చేతికిచ్చారు. అయిదే వాక్యాలు. మీరు నేర్పిన పని మీకే ఇస్తున్నాను, బాగున్నది మీది, తప్పున్నది నాది, అని అందులో రాశాను. ఆ అయిదూ చదివి వినిపించాను. నన్ను క్షమించండి టీచర్ గారూ అన్నాను. ఆవిడ చేతిసంచీలోంచి ఒక పొట్లం తీసి, "మీ అత్తగారికి మాటిచ్చారు కదా, టీవీ గుడ్డ. ఇవ్వకపోతే ఏం బావుంటుంది" అన్నారు. ఆ నెల రోజుల్లో కూర్చుని అల్లేశారట. మరి నేనిచ్చింది తప్పుల గుడ్డ, దాన్నైనా విప్పి సరిచేసుకోలేకపోయారా అంటే, "ఎందుకమ్మా? ఆ తప్పు వేలికి తగిలితేనే కదా ఇది మీదని తెలిసేది" అన్నారు. రిక్షా వచ్చింది, ఎక్కి కూర్చున్నారు. రెండు ఉత్తరాలు రాశాను, చదివిపెట్టేవాళ్ళున్నారో లేదో తెలీదు, జవాబు రాలేదు. బొంబాయి మెయిలు ఎక్కాలా ఏమన్నానా, నరసాపురం ఎంత దూరమని! వెళ్ళొద్దాం వెళ్ళొద్దాం అనుకుంటూనే మేం రాజమండ్రి వచ్చేశాం, ఆవిడ పోయారన్న కబురు కూడా ఏడాది గడిచాక గానీ నాకు చేరలేదు.

మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గుడ్డ చూపించి, మా కోడలు అల్లిందండీ అని చెప్పుకునేవారు. అక్కడా నేను నోరు విప్పలేదు. ఇప్పుడు టీవీలు పలకల్లా గోడకి అంటుకుపోయాయి, మీద ఏదైనా కప్పుదామంటే జాగా లేదు. క్రిస్మస్ ఫ్రెండ్ ఆట మా అమ్మాయి ఆఫీసులో ఇప్పటికీ ఆడతారట, బహుమతి ఫోన్లో బుక్ చేస్తే నేరుగా వాళ్ళ బల్ల మీదికే వస్తుందట, ఉత్తరాలూ అవీ ఏం ఉండవట. ఒకందుకు అదే నయమేమోలే అనిపిస్తుంది.

ఆ రోజు కళ్ళద్దాల షాపు నుంచి ఇంటికొచ్చి, బీరువాలోంచి ఆవిడ అల్లిన ఆ గుండ్రటి టీవీ గుడ్డ తీసి ఒళ్ళో పరుచుకున్నాను. కొత్త కళ్ళజోడు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది, లేసంతా తెల్లటి మసకలా కనిపిస్తోంది. ఆవిడలాగే కళ్ళు ఎటో పెట్టి, మధ్యలోంచి లెక్కపెట్టుకుంటూ ఐదో వరస మీద బొటనవేలు నడిపించాను. చుట్టూ తిరిగొచ్చాను, మళ్ళీ తిరిగొచ్చాను. వేలికి ఎక్కడా ఏ తప్పూ తగల్లేదు.