బావంచాల ముద్ద, టికిరి ఎండ

మా నాన్న చెయ్యి కాలినన్నిసార్లు రాయగడలో ఏ వంటవాడి చెయ్యీ కాలి ఉండదు. ఒకసారి నూనె చిందిందనేవాళ్ళం, ఒకసారి లాంతరు గాజు తగిలిందనేవాళ్ళం, ఇంకోసారి సైకిలు మీంచి పడ్డాడనేవాళ్ళం. ఈ కథలన్నీ మా అమ్మ అల్లినవే. అబద్ధమాడటం బొత్తిగా చేతకాని మనిషి ఆవిడ. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పి, ఎవరికి ఏం చెప్పిందో మరిచిపోయేది. అసలు సంగతి ఏమిటంటే, నాన్న కుడి చేతికి బొల్లి వచ్చింది.

మాది బజారు వీధిలో కిరాణా కొట్టు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఒరిస్సాలోని ఈ ఊరికి వచ్చి పెట్టాడు. తూకం పని నాన్న ఎవరికీ వదిలేవాడు కాదు. బెల్లం దిమ్మ మీద చిన్న సుత్తితో కొట్టి, ముక్కని చేత్తో తీసి తక్కెడలో వేసి, తూకం సరిపోయాక మళ్ళీ రెండు వేళ్ళతో ఇంకాస్త తుంచి పైన పెట్టేవాడు. ఆ కొసరు కోసమే రెండు వీధులు దాటి మా కొట్టుకి వచ్చేవాళ్ళున్నారు. కొసరు పెట్టేటప్పుడు ఆయన మొహం చూడాలి, ఊరికి అన్నదానం చేస్తున్నంత సంబరం.

తొంభైల మొదట్లో మణికట్టు మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ వచ్చింది. ఆ శ్రావణమాసంలో వ్రతానికి సామాను కొనడానికి వచ్చిన ఒకావిడ ఆ మచ్చ చూసి, "బెల్లం గుమస్తా సేత ఇప్పించండి బాబూ, పూజకి" అంది. గట్టిగా కూడా అనలేదు. నాన్న సుత్తి పక్కన పెట్టి లోపలికి వచ్చేశాడు. ఆ పూట అన్నం తినలేదు. మర్నాటి నుంచి చేతికి కట్టు కట్టాడు.

ఆ కట్టు వెనక లెక్క నాకు పెద్దయ్యాక అర్థమైంది. వ్యాపారం చేసుకునే మా వాళ్ళలో గాయం గౌరవమైనది. పని చేస్తే తగులుతుంది, జనం జాలిపడతారు, సరుకు కొంటారు. మచ్చ అలా కాదు. అందుకని ఆయన మచ్చని గాయం చేశాడు. తిండి సామాను అమ్మే చెయ్యి ఎవరికీ ఎబ్బెట్టుగా కనబడకూడదు, అంతే ఆయన బెంగ. తక్కెడ ముందు ఆ చోటు పోతే ఆయనకి ఇంకేమీ లేదు.

పార్వతీపురంలో ఒక ఆయుర్వేద వైద్యుడు బావంచాలు ఇచ్చాడు. నల్లగా, చిన్నగా ఉండే గింజలు. నానబెట్టి నూరి ఆ ముద్ద మచ్చ మీద రాసి, పొద్దుటెండలో కాసేపు ఉంచి కడిగెయ్యమన్నాడు. ఎండ తగలకపోతే రాసి లాభం లేదని, ఎక్కువ తగిలితే పొక్కుతుందని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తగ్గుతుందని మాట మాత్రం ఇవ్వలేదు. నాన్న వచ్చి, ముద్ద రాసి, పైన కట్టు కట్టేశాడు.

"ఎండ లేకపోతే మందు పని సెయ్యదని ఆయన సెప్పేడు కదండి" అంది అమ్మ.

"ఈదిలోవోళ్ళు సూడని ఎండ ఎక్కడ దొరుకుతాదే?" అన్నాడు నాన్న.

అదీ నిజమే. మా వీధిలో డాబాలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. పొద్దున్నే ఆడవాళ్ళందరూ వడియాలకీ మిరపకాయలకీ పైకెక్కేవాళ్ళు. మా డాబా మీద నాన్న చెయ్యి చాపుకుని కూర్చుంటే, మధ్యాహ్నానికి ఆ కబురు రైల్వే స్టేషను దాటేది.

ఆయనకి ఎండ కొండల మీది టికిరి అనే ఊళ్ళో దొరికింది. అక్కడి వారం సంతకి చింతపండు కొనడానికి వెళ్ళేవాడు. ఆ వేసవి సెలవుల్లో నన్నూ జీపులో తీసుకెళ్ళాడు. ఊరు దాటి, ఘాటీ ఎక్కి, సంతలో దిగగానే కట్టు విప్పి జేబులో పెట్టుకున్నాడు. బావంచాల ముద్ద ఎండిపోయి చేతికి అంటుకుని ఉంది. ఆ చేత్తోనే పొద్దుటెండలో నిలబడి చింతపండు బుట్టలు తూచాడు. కొండల మీంచి దిగి వచ్చినవాళ్ళ చూపంతా తక్కెడ ముల్లు మీదే. సావుకార్లు తూకంలో ఏం చేస్తారో వాళ్ళకి బాగా తెలుసు గనక, చెయ్యి ఏ రంగులో ఉందో చూసే తీరిక ఎవరికీ లేదు. నాన్న వాళ్ళతో దేశియాలో, ఆ కొండల ఒరియా యాసలో, బేరాలాడుతూ, గట్టిగా నవ్వుతూ, తాను కొంటున్న మనిషినన్న సంగతి కూడా మరిచిపోయి వాళ్ళ పిల్లలకి బెల్లం ముక్కలు తుంచి పెట్టాడు. కొసరు పెట్టే మొహం అది. చాలా రోజుల తరవాత చూశాను.

ఒక వారం పనిలో పడి కడగడం మరిచిపోయి పొక్కులు తెప్పించుకున్నాడు. అమ్మ చెప్పే కాలిన కథ ఆ వారం ఒక్కసారే నిజమైంది. అయినా మానలేదు. సెలవులు అయిపోవస్తుండగా, తిరిగి వస్తుంటే జీపులో చెయ్యి నా ముందు పెట్టాడు.

"అమ్మీ, సూడు. రంగు మొలుస్తంది."

తెల్లమచ్చ మధ్యలో నువ్వులు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు. నేను వేలితో తడిమాను. ఆయన దారి పొడుగునా చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉన్నాడు.

ఆ తరవాతి సంతలో లారీ దిగి మా పెదనాన్న వచ్చాడు. వరసకి పెదనాన్న. మా వీధిలోనే హోల్‌సేలు వ్యాపారం. ఆయన కూడా చింతపండుకే వచ్చాడు. దూరం నుంచి ఆయన్ని చూడగానే నాన్న ఎదురుగా ఉన్న చింతపండు కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చేశాడు. సరుకు నాణ్యం చూస్తున్నట్టు అలాగే ఉంచి, ధరల గురించీ వానల గురించీ కొత్త రైలు లైను గురించీ మాట్లాడాడు. పెదనాన్న కూడా కుప్ప వైపు చూడకుండా మాట్లాడి వెళ్ళిపోయాడు. నాన్న చెయ్యి బయటికి తీసి, పులుసుతో జిగటగా ఉన్న చేతికి అలాగే కట్టు కట్టేశాడు.

మళ్ళీ టికిరి వెళ్ళలేదు. గుమస్తాని పంపించాడు. వాడికి బేరం రాదు, చింతపండు వ్యాపారం రెండేళ్ళలో మూలపడింది. గోధుమరంగు చుక్కలు ఒక్కొక్కటే మాసిపోయాయి. మచ్చ రెండో చేతికి పాకింది. రెండు చేతులకీ కట్లు కడితే ఏ కథా చాలదు కాబట్టి, నాన్న తక్కెడ గుమస్తాకి అప్పగించి వెనక గోదాములోకి మారిపోయాడు. అక్కడ బస్తాలు చూసుకునేవాడు. బస్తాలకి కొసరు పెట్టే పని లేదు.

కార్తీకమాసంలో మా వర్తకులందరూ నాగావళి ఒడ్డున వనభోజనాలు పెట్టుకుంటారు. ఒకప్పుడు పులిహోర వడ్డన నాన్నదే. బొల్లి వచ్చాక ఆయన రావడమే మానేశాడు. రెండువేలు దాటిన కొన్నేళ్ళకి, నా పెళ్ళయి నేను పుట్టింటికి వచ్చినప్పుడు, నా పోరు పడలేక వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా, దాని కింద కట్లు. దూరంగా ఒక రాయి మీద కూర్చున్నాడు. పెదనాన్న ఆ ముసలితనంలో కర్ర పట్టుకుని ఆయన దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఆ గుడ్డలిప్పీసి వచ్చి వడ్డించు తమ్ముడూ. మాకందరికీ తెలుసు."

నాన్న తల ఎత్తలేదు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. ఆ రోజు టికిరిలో సింతపండులో సెయ్యెట్టీసి మాటాడేవు సూడు, అప్పటికే తెలుసు. నన్ను సూసి నువ్వు ఇబ్బంది పడ్డావని నేను మరింక ఆ సంతకి ఎల్లనేదు. నువ్వైనా ఎల్తావని."

నాన్న చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. తరవాత, "ఒక్క మాట సెప్పకపోయేవా అన్నయ్యా" అన్నాడు.

"నువ్వు సెప్పకండా నేనెలా సెప్తాను?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన మంచివాడే, వీధిలోవాళ్ళందరూ మంచివాళ్ళే. అన్నేళ్ళూ తెలిసి తెలిసి "గాయం మానిందా" అని అడిగారంటే మా మీద ప్రేమతోనే. కానీ ఆ ప్రేమ ఒక్కసారి నోరు విప్పి ఉంటే మా నాన్న డాబా ఎక్కి కూర్చునేవాడు. మచ్చ తగ్గేదని నేను అనను, అది ఎవరికీ తెలియదు. తక్కెడ ముందు నుంచి మాత్రం లేచేవాడు కాదు. ఆ ఊళ్ళో ఆ కట్టు ఎండనొక్కదాన్నే ఆపింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు నిలవదు.

నాన్న కట్లు విప్పాడు. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లబడిపోయి ఉన్నాయి. పులిహోర గిన్నె అందుకుని వరస మొదటి నుంచి వడ్డించుకుంటూ వచ్చాడు. ప్రతి ఆకులోనూ ముందొక గరిటెడు వేసి, ఆ పైన ఇంకొంచెం వేశాడు. ఎవరూ చాలని అనలేదు.

తరవాత ఏట్లో చేతులు కడుక్కుని, ఒడ్డున కూర్చుని వాటిని ఎండలోకి చాపాడు. అమ్మ పక్కనే ఆకులు ఎత్తుతోంది.

"ఇంట్లో బావంచాలేమైనా మిగిలేయా?" అన్నాడు.

"ఎప్పుడో పురుగు పట్టేయండి, పారబోసేను" అంది అమ్మ.

ఆయన తల ఊపాడు. చేతులు మాత్రం ఎండలోనే ఉంచుకున్నాడు.