బొమ్మ మారేలోగా

"పైనున్నది నేను బావగారూ, కిందున్నది గుర్రం. ముఖాలు చూసి పోల్చుకోవడం కష్టం కాబట్టి ముందే చెప్పేస్తున్నా. ఇంకాస్త నోరు తెరవండి. ఆఁ, అలా. నేను ఎక్కానో లేదో అది చెవులు రెండూ వెనక్కి పెట్టింది. గుర్రం చెవులు వెనక్కి పెట్టిందంటే అర్థమేమిటో తెలుసా? నాకూ తెలీదు. తెలిస్తే దిగిపోయేవాణ్ణి. అప్పుడేమైందంటే... అయ్యో, వెళ్ళిపోయింది!"

వెళ్ళిపోయింది గుర్రం కాదు, గుర్రం ఫోటో. కుర్చీకి ఎదురుగా, వెల్లకిలా పడుకున్నవాడి కళ్ళకు సరిగ్గా ఆనేలా గోడకు బిగించిన డిజిటల్ ఫోటో ఫ్రేములో గుర్రం పోయి పడవ వచ్చింది.

"అప్పుడేమైంది?" అని అడిగారు కుర్చీలో ఉన్న డ్రిల్లు మాస్టారు. నోట్లో అద్దం ఉండటంతో అది "అఅఅఅఅ?" అని వినిపించింది.

"దాని వంతు మళ్ళీ వస్తుందిలెండి. ఇప్పుడు పడవ," అన్నారు డాక్టరుగారు.

పళ్ళ డాక్టరుగారికి ఉన్న జబ్బు ఇదొక్కటే. ఆయన కథ చెబుతుండగా ఫ్రేములో ఫోటో మారిందంటే, ఎంత రసపట్టులో ఉన్నా సరే, ఆ కథ అక్కడే వదిలేసి కొత్త ఫోటో కథ ఎత్తుకుంటారు. మిగతా సగం కావాలంటే ఫోటోలన్నీ ఒక చుట్టు తిరిగొచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. తీరా అది వచ్చాక ఆయన మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు. అందుచేత ఆ గుర్రం చెవులు వెనక్కి పెట్టాక ఏం జరిగిందో తెలిసినవాళ్ళు బంధువర్గంలో ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఆ ఫ్రేము భార్య ఆయన పుట్టినరోజుకి కొనిచ్చింది. మొదట్లో ఇంట్లో భోజనాల బల్ల మీద ఉండేది. వచ్చినవాళ్ళకు కూర్చోమనడానికి ముందే దాని మంచిచెడ్డలు వినిపించేవారు.

"దీంతో సుఖమేమిటంటే, ఆల్బమ్ దించి దుమ్ము దులపక్కర్లేదు. ఎన్ని ఫోటోలైనా పడతాయి. చుట్టాలంతా ఇందులోనే ఉంటారు, ఒక్కరికీ టీ పెట్టక్కర్లేదు."

"మరి కష్టం?"

"మామూలు చుట్టాలు కూర్చుంటే లేవరు, వీళ్ళు కూర్చోనే కూర్చోరు. కరెంటు పోయిందా, వంశం మొత్తం మాయం. అన్నిటికన్నా పెద్ద కష్టం నా మొహం. అద్దంలో అయితే పక్కకి తప్పుకుంటే పోతుంది. ఇందులో నేను పెరట్లో ఉన్నా అది మాత్రం ఇక్కడ కూర్చుని వచ్చినవాళ్ళని భయపెడుతూనే ఉంటుంది."

ఆ మాటలో అబద్ధం లేదు. ఒక్క ఫోటోలోనైనా ఆయన మనిషిలా ఉంటే ఒట్టు. బహుమతి అందుకుంటున్న ఫోటోలో వేదిక మీది తెర సరిగ్గా ఆయన నెత్తిమీదే పడింది. పడవ ఫోటోలో పడవ నీళ్ళ మీద ఉంది, ఆయన నీళ్ళలో ఉన్నారు. కాలేజీ ఫోటోలో పళ్ళ వైద్యం చదివినవాళ్ళంతా పళ్ళు బయటపెట్టి నవ్వుతుంటే ఈయనొక్కరూ తుమ్మబోతున్నారు.

ఒకసారి పిన్నిగారొకావిడ మధ్యాహ్నం భోజనానికి వచ్చి, మర్నాడైనా కదల్లేదు. ఇంటి దగ్గర్నుంచి బాబాయిగారు ఫోను చేసి, "ఏమే, బస్సు దొరకలేదా?" అని అడిగితే, "బస్సు దొరికిందండీ, పడవే ఇంకా ఒడ్డుకి చేరలేదు," అందిట. ఆ రోజే డాక్టరుగారి భార్య, "ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, అదైనా ఉండాలి," అని తేల్చేసింది. ఆయన ఆలోచనలో పడ్డారు. ఆయన అంతసేపు ఆలోచించడం చూసి ఆవిడే ఒళ్ళు మండి, ఫ్రేమును సంచిలో పెట్టి క్లినిక్కి పంపేసింది.

అక్కడా అదే వరస. పన్ను నొప్పి ఏ మాత్రం లేనివాళ్ళు కూడా వచ్చి, "ఏం లేదు డాక్టరుగారూ, ఆ తెర కింద నుంచి ఎలా బయటపడ్డారో కనుక్కుందామని..." అంటూ వరండాలో కూర్చునేవారు.

డ్రిల్లు మాస్టారు అలాంటివాళ్ళలో చేరరు. ఆయనకు దవడ పన్ను పుచ్చింది. ఆయన భార్య డాక్టరుగారికి స్వయానా చెల్లెలు. అందుకే ఇన్నేళ్ళుగా ఆ సగం కథలన్నీ ఓపిగ్గా వింటున్నారు. బావగారికి కథ ముగించడం చేతకాదు పాపం, వినేవాడొకడు ఉండాలి కదా, అని తన మంచితనానికి తనే మురిసిపోయేవారు కూడా.

మాస్టారు మైదానంలో "నిలబడు!" అని అరిస్తే అటుగా పోతున్న సైకిళ్ళు సైతం ఆగేవి. అంతటి మనిషికి సూదంటే మాత్రం ప్రాణం పోయేది. మొదటిసారి క్లినిక్కి వచ్చినప్పుడు స్కూటరు తాళం మర్చిపోయానని చెప్పి తిరిగిరాలేదు. రెండోసారి బాత్రూమ్ కిటికీలోంచి వెళ్ళిపోయారు. ఎంతైనా డ్రిల్లు మాస్టారు కదా, గెంతడంలో లోటేం లేదు. ఈలోగా బుగ్గ బంతిలా వాచింది. రేపు స్కూల్లో పరుగుపందాలు. ఈల నోట్లో పెట్టుకుని ఊదితే గాలి తప్ప శబ్దం రావడం లేదు. చీము లోపలికి పాకితే ఆస్పత్రిలో పడుకోబెట్టి పెద్ద సూదులే పొడవాల్సి వస్తుందని డాక్టరుగారు ఫోనులో చెప్పేశారు. అందుకే ఈసారి భార్య ఆయన బూట్లు సంచిలో వేసుకుని, ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చుంది.

"పడవలో నేనూ, మా మామగారూ," అంటున్నారు డాక్టరుగారు. "ఆయనకి ఈత రాదు. నాకు వచ్చని పెళ్ళికి ముందు ఆయనతో చెప్పాను. పెళ్ళికి ముందు అన్న మాట తర్వాత వెనక్కి తీసుకోలేం కదా. నది మధ్యలోకి వెళ్ళాక ఆయన, అదుగో అల్లుడూ చేప, అని లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. సరిగ్గా అప్పుడే..."

డాక్టరుగారు దగ్గారు. ఫోటో మారింది. తెర వచ్చింది.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఇద్దరిలో ముందు ఎవరు పడ్డారు? ఈత రాని మామగారిని ఎవరు తీశారు? చిగుళ్ళ దగ్గర ఏదో చీమ కుట్టినట్టయింది గాని, చీమను పట్టించుకునే స్థితిలో ఆయన లేరు.

కాసేపటికి పెదవి తనది కానట్టు మొద్దుబారింది. తెర కథ సగంలో పోయింది. మళ్ళీ గుర్రం వచ్చింది, కథ మళ్ళీ మొదటినుంచీ మొదలై చెవుల దాకా నడిచింది.

"చెవులు వెనక్కి పెట్టిందా? నేను భయపడి కళ్ళేం గట్టిగా లాగాను. లాగాక చూస్తే అది కళ్ళేం కాదు బావగారూ. నా చేతిలో ఉన్నది..."

దగ్గు వచ్చింది. కాలేజీ ఫోటోలో డాక్టరుగారు తుమ్మబోతున్నారు.

మాస్టారి సహనం తెగింది. గారు గీరు ఎగిరిపోయాయి. మైదానంలో అరిచినట్టే అరిచారు.

"బావా! తేతిలో ఉన్నదేవిటి? తెప్తావా, తెప్పవా?"

"చెప్తా. ముందు ఉమ్మండి," అన్నారు డాక్టరుగారు.

మాస్టారు ఉమ్మారు. పక్కనున్న పళ్ళెంలోకి చూశారు. ఆయన దవడ పన్ను, వేర్లతో సహా, పరాయి వస్తువులా అందులో పడి ఉంది.

ఆయన ఆ పన్నుకేసీ, బావగారికేసీ చూస్తుండగా, కుర్చీ వెనక నిలబడ్డ నర్సమ్మ చేతిలోది గబుక్కున కోటు జేబులో పెట్టుకోబోయింది.

"అదేంటమ్మా?"

"రిమోటండీ. డాక్టరుగారు దగ్గినప్పుడల్లా నొక్కి వేరే ఫోటో ఏదో ఒకటి పెట్టాలి."

"అంటే దానంతటది మారదా?"

"మారేదండీ. ఇక్కడికి తెచ్చిన కొత్తలోనే అది ఆపించేశారు."

డాక్టరుగారు దొరికిపోయిన దొంగలా మాస్కు తీశారు.

"ఇంట్లో అది నా జబ్బే బావగారూ, అబద్ధమెందుకు. ఇక్కడికొచ్చాకే మందయింది. ఓ లారీ డ్రైవరుగారు ఈ కుర్చీలో కూర్చుని గజగజా వణుకుతున్నాడు. పడవ కథ మధ్యలో ఫోటో మారిపోయింది. మనిషికి నా మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంలో వణకడం మర్చిపోయాడు. సూది పొడిచింది కూడా తెలీలేదు. అప్పట్నుంచీ సరిగ్గా పొడిచే వేళకి నన్ను తిట్టుకునేలా చూసుకుంటున్నా."

"మరి అన్నీ ఇలాంటి ఫోటోలేనా? తెర పడకముందు తీసింది ఒక్కటైనా లేదా?"

"ఉంది, బీరువాలో. ఈ కుర్చీ ఎక్కినవాడు నొప్పితో చావడు బావగారూ, సిగ్గుతో చస్తాడు. ఇంత వయసొచ్చి భయపడుతున్నానే అని. వాడికి ఎదురుగా వాడికన్నా వెర్రిబాగులవాడు ఒకడు కనిపించాలి. అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ వేషానికి ఈ ఊళ్ళో నాకంటే తగినవాడు ఎవడున్నాడు చెప్పండి?"

డాక్టరుగారు పన్ను ఊడిన చోట దూది పెడుతుంటే మాస్టారు కళ్ళు దించుకున్నారు. దూదికున్న మందు చేదు ఒక కారణం. ఇన్నేళ్ళూ బావగారిని తనే భరిస్తున్నానని అనుకోవడం రెండోది.

"ఇంతకీ గుర్రం?" అన్నారు చివరికి, దూది పక్కకి నెట్టి.

"చేతిలో ఉన్నది ఫోటోగ్రాఫరు మెడలోని కెమెరా తాడు. గుర్రం ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. నిలబడి ఉన్న గుర్రం మీంచి పడ్డాను."

మాస్టారు వాచిన బుగ్గ చేత్తో పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు విని చెల్లెలు తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"అన్నయ్యా, అయిపోయిందా? ఏడ్చారా?"

"ఏడవడమేమిటే! నన్ను కొట్టబోయారు. పన్ను పీకేటప్పుడు ఇంత ధైర్యంగా ఉన్నవాళ్ళని నేను చూళ్ళేదు."

ఆవిడ మొగుడికేసి గొప్పగా చూసి, సంచిలోంచి బూట్లు తీసి ఇచ్చింది. మాస్టారు అవి తొడుక్కుని గుమ్మం దాటబోతుంటే డాక్టరుగారు వెనకాలే వచ్చి భుజం మీద చెయ్యి వేశారు.

"దూది అరగంట కొరికిపట్టి ఉంచండి. ఇంకో చిన్న సాయం. వచ్చే వారం మీ హెడ్మాస్టరుగారు వస్తున్నారు. మీకంటే పిరికి అని నేననలేదు, మీరూ అనకండి. ఆయనకి నా ఫోటోలన్నీ కంఠతా వచ్చేశాయి, కోపం రావడం మానేసింది. ఇంటికెళ్ళి మీవేమైనా వెతికి పంపండి బావగారూ. పందాల్లో గెలిచిన కప్పులు పట్టుకుని నిలబడ్డవి వద్దు. ఎక్కడైనా బోర్లా పడ్డది ఉంటే చూడండి."